పాత బండి ఇగ్నిషన్ తాళానికి మారు తాళంచెవి చేసుకునే పద్ధతి

పాత బండికి తాళంచెవి ఒక్కటే మిగిలి, అది కూడా అరిగిపోయి, స్టార్ట్ చేయాలనుకున్న ప్రతిసారీ దాన్ని కొంచెం వెనక్కి లాగి, పైకెత్తి, అటూ ఇటూ కదిపితే గానీ తిరగడం లేదంటే, మారు తాళంచెవి చేసుకోవలసిన సమయం ఎప్పుడో దాటిపోయిందని అర్థం. ఈ స్థితిలో చాలామంది ఆ అరిగిన తాళంచెవినే తీసుకువెళ్ళి యంత్రం మీద నకలు తీయిస్తారు. యంత్రం తన పని తాను సరిగ్గానే చేస్తుంది, కానీ అది పాత తాళంచెవి మీద ఉన్న అరుగుదలను కూడా యథాతథంగా కొత్త లోహం మీదికి దించుతుంది. యంత్రం బిగింపులో ఉండే కొద్దిపాటి తేడా దానికి తోడవుతుంది. చివరకు చేతికొచ్చే కొత్త తాళంచెవి పాతదానికంటే ఎక్కువ మొండికేస్తుంది. అందుకే ఈ పని చేసేవారు మొదట మనసులో పెట్టుకోవలసిన విషయం ఒకటుంది: మారు తాళంచెవిని పాత తాళంచెవిని చూసి కాకుండా, తాళాన్ని చూసి చేయాలి. ఇక్కడ చెప్పే కొలతలు, కోతలు, పరీక్షలు అన్నీ ఆ ఒక్క ఆలోచన మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ పద్ధతి లోహపు గాట్లతో మాత్రమే పనిచేసే తాళాలకు వర్తిస్తుంది. 1990ల మధ్యకాలం నుంచి కార్ల తాళంచెవుల ప్లాస్టిక్ తలలో చిన్న ఎలక్ట్రానిక్ చిప్ పెట్టడం విస్తరించింది. కొత్త కార్లలో ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళంచెవిని గుర్తించకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానీయని ఎలక్ట్రానిక్ ఏర్పాటు, తప్పనిసరి అనే నియమం జర్మనీలో 1998 జనవరి 1 నుంచి, బ్రిటన్‌లో అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అటువంటి బండికి గాట్లు ఎంత చక్కగా కోసినా తాళం తిరుగుతుందే తప్ప ఇంజిన్ అందుకోదు. కాబట్టి మీ తాళంచెవి తల లావుగా, ప్లాస్టిక్‌తో ఉంటే, లోపల చిప్ ఉందో లేదో ముందు తేల్చుకోండి. అలాగే బండి మీదేనని చూపే కాగితాలు దగ్గర పెట్టుకోండి. తాళం నంబరు అడిగినా, గాట్లు కోయని ఖాళీ తాళంచెవి కొనబోయినా, పని మధ్యలో ఆగి తాళాల పనివారి సాయం కోరవలసి వచ్చినా, ఆ కాగితాలు చూపమని అడగడం వారి బాధ్యత, చూపడం మన బాధ్యత.

తాళం లోపల జరిగేది

పాత స్కూటర్లు, మోటారు సైకిళ్ళు, కార్లలో ఎక్కువగా కనిపించేది పలకల తాళం. తాళంచెవి దూరే గుండ్రటి భాగాన్ని బ్యారెల్ అంటారు. అది ఒక గట్టి తొడుగులో కూర్చుని ఉంటుంది. బ్యారెల్‌కు అడ్డంగా కోసిన సన్నని చీలికల్లో ఇత్తడి పలకలు వరుసగా ఉంటాయి. వీటినే పనివారు వేఫర్లు అంటారు. ప్రతి పలక మధ్యలో ఒక చిన్న కిటికీ ఉంటుంది, పక్కన ఒక సన్నని స్ప్రింగ్ దాన్ని ఒకే దిశకు నెడుతూ ఉంటుంది. తాళంచెవి లేనప్పుడు పలకల అంచులు బ్యారెల్ బయటికి పొడుచుకువచ్చి తొడుగులోని గాడిలో దిగబడి ఉంటాయి కనుక బ్యారెల్ తిరగదు. తాళంచెవి ఆ కిటికీల గుండా దూరినప్పుడు దాని మీది ఒక్కొక్క గాటు ఒక్కొక్క పలకను స్ప్రింగ్‌కు ఎదురుగా కొంత దూరం జరుపుతుంది. పలకలన్నీ బ్యారెల్ ఉపరితలంతో సరిగ్గా మట్టానికి వచ్చినప్పుడే బ్యారెల్ తిరుగుతుంది.

పలకలన్నీ బయటి కొలతల్లో ఒకేలా ఉంటాయి, కిటికీ ఉన్న ఎత్తు మాత్రమే మారుతుంది. ఆ ఎత్తులు కూడా ఇష్టం వచ్చినన్ని ఉండవు. ఒక తాళపు కుటుంబంలో సాధారణంగా నాలుగైదు స్థాయిలు మాత్రమే ఉంటాయి. ఒక స్థాయికీ తరువాతి స్థాయికీ మధ్య తేడా చాలా తాళాల్లో అర మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అరిగిన తాళంచెవి నుంచి కూడా అసలు కొలతను తిరిగి రాబట్టగలగడం ఈ స్థాయిల వల్లే సాధ్యమవుతుంది.

అన్ని తాళాలూ ఇలాగే ఉండవు. కొన్ని పాత అమెరికన్ కార్లలో పలకలకు బదులు, ఇంటి తలుపు తాళాల్లో ఉన్నట్లు, జంట పిన్నులు ఉంటాయి. జనరల్ మోటార్స్ కార్లలో 1935 నుంచి వచ్చిన తాళంలో పలకల పక్కన ఒక అడ్డు కడ్డీ ఉంటుంది. పలకల గాట్లన్నీ ఒక వరుసలోకి వస్తే ఆ కడ్డీ లోపలికి దిగి బ్యారెల్‌ను వదులుతుంది. అందువల్ల అక్కడ పలక బ్యారెల్‌తో మట్టంగా ఉందా అని చూడడం పనికిరాదు, పలక పక్కన ఉన్న గాటు కడ్డీకి ఎదురుగా నిలిచిందా అని చూడాలి. మీ తాళం ఏ రకమో తెలియకుండా ఆకురాయి చేతపట్టకండి.

ముందుగా నంబరు కోసం వెతకండి

ఒక్క గాటు కూడా కోయకుండానే పని పూర్తయ్యే అవకాశం చాలాసార్లు ఉంటుంది. తయారీదారులు తాళానికి ఒక నంబరు ఇస్తారు. అది అసలు తాళంచెవి తల మీద, బండితో పాటు ఇచ్చిన చిన్న లోహపు బిళ్ళ మీద, యజమాని పుస్తకం మొదటి పుటల్లో, లేదా తాళం ఒంటి మీద చెక్కి ఉండవచ్చు. బ్రిటన్‌లో తయారైన ఎన్నో పాత కార్లకు ఎఫ్‌ఎస్, ఎఫ్‌ఏ, ఎఫ్‌పీ, ఎంఆర్‌ఎన్ వంటి అక్షరాల తరువాత అంకెలు వచ్చే నంబరు తాళం ముఖం మీదనే కనిపిస్తుంది. ఆ వరుసల్లోని తాళంచెవులు పరిమిత సంఖ్యలో ఉన్న నమూనాలు కనుక, నంబరు చెబితే కోసిన తాళంచెవే దొరుకుతుంది. ఇగ్నిషన్ తాళం మీద నంబరు కనిపించకపోతే తలుపు తాళం, సీటు తాళం, సామాన్ల డబ్బా తాళం విప్పి వాటి పక్కలు శుభ్రం చేసి చూడండి. ఒకే తాళంచెవితో అన్నీ తెరుచుకునే బండిలో ఏదో ఒక దాని మీద నంబరు ఉండే అవకాశం ఎక్కువ.

నంబరు రెండు రకాలుగా ఉంటుంది. కొన్నింటిలో అంకెలే నేరుగా గాట్ల లోతులు. 13243 అని ఉంటే మొదటి గాటు ఒకటో స్థాయి, రెండోది మూడో స్థాయి అన్నమాట. ఎక్కువ వాటిలో మాత్రం నంబరు కేవలం ఒక సూచిక. దాన్ని తయారీదారు పట్టికలో వెతికి లోతులు తెలుసుకోవాలి, ఆ పట్టిక తాళాల పనివారి దగ్గర ఉంటుంది. నంబరు దొరికితే, దాని ప్రకారం లోతులను లెక్కించి కోసే యంత్రం మీద చేయించుకోవడమే అన్నిటికన్నా మేలైన మార్గమని నా అభిప్రాయం. చేత్తో కోసే నైపుణ్యం మనకు ఎంత ఉన్నా, కర్మాగారపు కొలతకు అంత దగ్గరగా వెళ్ళలేము.

బ్లాంక్ ఎంపిక

గాట్లు లేని తాళంచెవిని బ్లాంక్ అంటారు. దాని పక్కల మీద నిలువునా ఉండే గాడులు మీ తాళం రంధ్రపు ఆకారానికి సరిపోవాలి. పాత తాళంచెవిని కొన వైపు నుంచి కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తే గాడులు ఎక్కడ లోపలికి వెళ్ళాయో, ఎక్కడ బయటికి వచ్చాయో తెలుస్తుంది. బ్లాంక్‌నూ అలాగే పట్టుకుని రెండూ పక్కపక్కన పోల్చాలి. దూరింది కదా అని దగ్గరి పోలిక ఉన్న బ్లాంక్‌తో సరిపెట్టుకోకూడదు. పలచగా ఉన్న బ్లాంక్ రంధ్రంలో ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ పలక ఎత్తు మారుతుంది.

లోహం విషయంలో నాకు స్థిరమైన అభిప్రాయం ఉంది. మొదట ఇత్తడి బ్లాంక్ మీద చేత్తో కోయండి. ఇత్తడి మెత్తగా ఉంటుంది, ఆకురాయి చక్కగా పడుతుంది, పలక ఒత్తిడికి దాని మీద పడే గుర్తులు కంటికి కనిపిస్తాయి. అది తాళంలో నిర్దోషంగా తిరిగిన తరువాత, దాన్ని నమూనాగా పెట్టి జర్మన్ సిల్వర్ బ్లాంక్ మీద యంత్రంతో నకలు తీయించి, రోజూ వాడడానికి ఆ నకలును ఉంచుకోండి. పేరులో వెండి ఉన్నా జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు. అది రాగి, నికెల్, జింక్ కలిసిన మిశ్రమం, ఇత్తడికంటే అరుగుదలను బాగా తట్టుకుంటుంది. అల్యూమినియం బ్లాంకులు తేలికగా, రంగురంగులుగా ఉంటాయి గానీ ఇగ్నిషన్ తాళానికి పనికిరావు. తాళంచెవిని తిప్పి స్టార్టర్‌ను పనిచేయించే పద్ధతిని క్రైస్లర్ 1949 మోడళ్ళతో తెచ్చింది, తరువాత అది అంతటా వ్యాపించింది. స్టార్టర్ స్థానం దగ్గర ఉండే బలమైన స్ప్రింగ్‌ను ప్రతిసారీ ఎదుర్కొనేది తాళంచెవి మెడే కనుక, మెత్తని లోహం అక్కడే మెలితిరిగి విరుగుతుంది.

అరిగిన తాళంచెవి నుంచి అసలు కొలతలు రాబట్టడం

పాత తాళంచెవి చేతిలో ఉంటే మొదటి పని కొలవడం. వెర్నియర్ క్యాలిపర్ దవడల్లో సన్నగా కత్తిలా ఉండే భాగంతో, గాట్లు లేని అంచు నుంచి ప్రతి గాటు అడుగు వరకు మిగిలిన లోహపు ఎత్తును కొలవాలి. ఒక్కో గాటును మూడుసార్లు కొలిచి, దగ్గరగా ఉన్న రెండు కొలతల సగటును రాసుకోండి. అలాగే తాళంచెవి భుజం, అంటే తాళం ముఖానికి తగిలి ఆగే అంచు నుంచి ప్రతి గాటు నడుమకు ఉన్న దూరాన్ని కూడా రాసుకోండి. కొన్ని తాళాల్లో తాళంచెవి భుజం దగ్గర కాకుండా కొన దగ్గర ఆగుతుంది. అటువంటి వాటికి దూరాలు కొన నుంచే కొలవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక తాళానికి నాలుగు స్థాయిలు ఉన్నాయనీ, వాటి ఎత్తులు వరుసగా 6.5, 5.9, 5.3, 4.7 మిల్లీమీటర్లనీ అనుకుందాం. అరిగిన తాళంచెవి మీద 6.3, 5.2, 5.55, 4.6, 5.1 వచ్చాయి. మొదటిది 6.5 అని, రెండోది 5.3 అని సులభంగానే తెలుస్తుంది. మూడోది చిక్కుపెడుతుంది, ఎందుకంటే 5.55 అనేది 5.3కు కాస్త దగ్గరగా, 5.9కు కాస్త దూరంగా కనిపిస్తుంది. ఇక్కడ దగ్గరి అంకెను ఎంచుకోవడం పొరపాటు. వాడకం వల్ల లోహం పోతుందే గానీ పెరగదు కదా. 5.3 ఎత్తున్న గాటు ఎన్నేళ్ళు వాడినా 5.55 కాలేదు. కనుక అది ఒకప్పుడు 5.9 అయి ఉండాలి, బాగా అరిగి ఇక్కడికి వచ్చింది. తాళం మొండికేయడానికి కారణం కూడా ఆ గాటే. ఎప్పుడూ కొలతకు పైన ఉన్న స్థాయినే తీసుకోవాలనే ఈ నియమం ప్రకారం అసలు తాళంచెవి 1, 3, 2, 4, 3 అవుతుంది. ఒక్క మినహాయింపు ఏమిటంటే, చేతిలో ఉన్నది కర్మాగారపు తాళంచెవి కాక ఎవరో సరిగా తీయని నకలు అయితే ఈ తర్కం నిలవదు. అప్పుడు తాళాన్నే విప్పి చూడాలి.

స్థాయిల పట్టిక దొరకని తాళానికి కూడా దారి ఉంది. కొలతలను పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా రాస్తే అవి గుంపులుగా చేరతాయి, గుంపుకూ గుంపుకూ మధ్య దూరమే స్థాయి తేడా. తలుపు తాళంచెవి వేరుగా ఉండి తక్కువ వాడినదైతే, దాన్ని కూడా కొలిచి ఈ పట్టికకు తోడు చేసుకోవచ్చు.

తాళం విప్పి పలకలను చదవడం

పాత తాళంచెవి ఎలాగోలా తిరుగుతున్న రోజుల్లోనే ఈ పని పెట్టుకోవాలి. ఎందుకంటే చాలా బండ్లలో బ్యారెల్‌ను బయటికి తీయాలంటే తాళంచెవిని ఒక నిర్ణీత స్థానానికి తిప్పి, పక్కన ఉన్న చిన్న రంధ్రంలో సన్నని పుల్లతో నొక్కవలసి ఉంటుంది. తాళంచెవి పూర్తిగా పోయిన తరువాత ఇగ్నిషన్ తాళాన్ని బలవంతంగా విప్పే ప్రయత్నం చేయవద్దు. స్టీరింగ్ తాళం దెబ్బతింటే ఖర్చు మాట అటుంచి, నడుస్తున్న బండిలో స్టీరింగ్ బిగుసుకునే ప్రమాదం ఉంటుంది. అప్పుడు తలుపు తాళాన్నో సీటు తాళాన్నో విప్పడం మంచిది. అవి సాధారణంగా లోపలి వైపు ఒక స్ప్రింగ్ క్లిప్‌తోనో రెండు స్క్రూలతోనో నిలిచి ఉంటాయి.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. ఆ తరువాత బ్యారెల్‌ను పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పండి. పలకల కింద ఉండే స్ప్రింగులు వెంట్రుకంత సన్నగా ఉంటాయి, ఎగిరితే దొరకవు. నేను మొదటిసారి ఒక పాత స్కూటర్ తాళం విప్పినప్పుడు బల్ల మీద తెల్లగుడ్డ పరిస్తే చాలనుకున్నాను. ఐదు స్ప్రింగుల్లో ఒకటి గుడ్డను దాటి పోయింది. దాని కోసం ఒక సాయంత్రమంతా నేల ఊడ్చి, ఆ రజనులో అయస్కాంతం తిప్పి, చివరికి తలుపు సందులో పట్టుకున్నాను. ఆ తరువాత ఎప్పుడూ సంచి లేకుండా విప్పలేదు. పిన్నుల తాళమైతే బ్యారెల్‌ను లాగుతున్నప్పుడే దాని వెనుక అంతే వ్యాసం ఉన్న గుండ్రటి కర్రపుల్లను తోస్తూ రావాలి, లేకపోతే పై పిన్నులూ స్ప్రింగులూ ఒక్కసారిగా రాలిపోతాయి.

బ్యారెల్ బయటికి వచ్చాక పలకలను బయటకు తీయవలసిన అవసరం చాలాసార్లు రాదు. వెలుతురులో భూతద్దంతో చూస్తే చాలా తాళాల్లో పలక మీద ఒక చిన్న అంకె ముద్రించి ఉంటుంది, అదే స్థాయి. ముఖం వైపు నుంచి వెనక్కి వరుసగా రాసుకోండి. అంకెలు చెరిగిపోయి పలకలను తీయవలసి వస్తే, ఒక అట్టముక్క మీద గడులు గీసి, ఏ చీలిక నుంచి తీసిన పలకను ఆ గడిలో, దాని స్ప్రింగ్‌తో సహా పెట్టండి. రెండు పలకలు తారుమారైతే ఆ తాళం ఇక వేరే తాళం అయిపోతుంది.

తలుపు తాళం విషయంలో ఒక జాగ్రత్త ఉంది. దానిలో ఇగ్నిషన్ తాళంలో ఉన్నన్ని పలకలు ఉండకపోవచ్చు. ఆరు చోట్లలో ఐదే తెలిస్తే, తెలియని చోట అన్నిటికంటే పలచని గాటుతో మొదలుపెట్టి, తిరగకపోతే ఒక్కో స్థాయి లోతు చేసుకుంటూ వెళ్ళవచ్చు. ఒక్క బ్లాంక్‌తోనే పని అయిపోతుంది. రెండు చోట్లు తెలియకపోతే మాత్రం, కోసిన లోహాన్ని తిరిగి అతికించలేము కనుక, నాలుగు స్థాయిల తాళానికి నాలుగు బ్లాంకుల వరకు సిద్ధంగా ఉంచుకోవాలి.

గాట్లు కోయడం

బ్లాంక్‌ను బెంచి వైసులో బిగించేటప్పుడు దవడల మధ్య కర్రముక్కలో అల్యూమినియం రేకులో పెట్టాలి, లేకపోతే పక్క గాడులు నలిగిపోతాయి. గాట్లు కోయవలసిన అంచుకు మార్కర్ సిరా పూసి, ఆరాక, భుజం నుంచి దూరాలు కొలిచి సూదితో సన్నని గీతలు గీయండి. పలకల తాళాల్లో ఈ గీతల మధ్య దూరం చాలావరకు రెండు, రెండున్నర మిల్లీమీటర్ల పరిసరాల్లో ఉంటుంది కనుక, గీత అర మిల్లీమీటరు జరిగినా పక్క పలక చోటును ఆక్రమిస్తుంది. లోతు తప్పుల కంటే ఈ జరుగుడు తప్పులే కొత్తవారిని ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

ఆకురాయి సన్నని రకం కావాలి, గడియారాల పనివారు, కంసాలులు వాడేటటువంటిది. త్రిభుజాకారపు దానితో గాటు మొదలుపెట్టి, చదునైన దాని అంచుతో అడుగును సమం చేయాలి. ఆకురాయికి ముందుగా సుద్ద రాస్తే ఇత్తడి రజను పళ్ళ మధ్య ఇరుక్కోదు. ముందుకు తోసేటప్పుడు మాత్రమే ఒత్తిడి ఉండాలి, వెనక్కి తెచ్చేటప్పుడు లేపి తేవాలి. గాటు అడుగు కొద్దిగా చదునుగా, పక్కలు ఏటవాలుగా ఉండాలి. పక్కలు నిట్టనిలువుగా ఉంటే తాళంచెవి లోపలికి వెళుతుంది గానీ తిరిగి రాదు, ఎందుకంటే పలకలు ఆ గట్టును ఎక్కి దిగలేవు. లోతైన గాటు పక్కన పలచని గాటు ఉన్నచోట ఈ వాలు విషయం మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

కోయవలసిన కొలతకు 0.2 మిల్లీమీటర్ల ముందే క్యాలిపర్ ప్రకారం కోయడం ఆపండి. అక్కడి నుంచి తాళమే కొలత చెబుతుంది. తొడుగు లేని బ్యారెల్‌లో బ్లాంక్‌ను పూర్తిగా దూర్చి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. గాటు ఇంకా తక్కువ లోతుగా ఉన్న చోట పలక స్ప్రింగ్‌కు ఎదురు వైపున బ్యారెల్ దాటి పైకి నిలబడి ఉంటుంది. రెండు మూడు తోపులు ఆకురాయి పెట్టి మళ్ళీ దూర్చండి. పలక కాస్త దిగుతుంది. బొటనవేలి గోరును బ్యారెల్ పొడవునా లాగితే, కంటికి మట్టంగా కనిపించిన పలక కూడా గోటికి తగులుతుంది. ఇంకా ఒక తోపు, మళ్ళీ గోరు. ఏదో ఒక క్షణాన గోరు ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది. అక్కడ ఆగాలి. ఇంకొక్క తోపు వేస్తే అదే పలక రెండో వైపున బయటికి వస్తుంది, ఆ బ్లాంక్ ఇక పారవేయవలసిందే. నా పాత స్కూటర్ తాళంలో మూడో పలక ఇలాగే రెండు బ్లాంకులను బలి తీసుకుంది. రెండుసార్లూ కంటిని నమ్మి, గోటితో చూడకుండా చివరి తోపు వేయడమే కారణం.

ఒక గాటు పూర్తి చేసి మరొకదానికి వెళ్ళే ముందు, కోతల అంచున లేచిన సన్నని పొరను రెండు పక్కలా తీసేయాలి. ఆ పొర మీదే పలక నిలబడితే కొలత అబద్ధం చెబుతుంది, తరువాత అది విరిగి తాళంలో రాలుతుంది. ప్రతి దూర్పుకు ముందు రజనును కుంచెతో దులపండి. అన్ని గాట్లూ అయ్యాక గట్ల మొనలను సన్నని ఎమరీ పేపరుతో నునుపు చేయాలి, అయితే గాటు అడుగును తాకనివ్వకూడదు. తాళంచెవి కొన కూడా నున్నగా వాలి ఉండాలి, మొదటి పలకను ఎత్తేది అదే.

రెండు అంచులా గాట్లున్న తాళంచెవులకు సూత్రం ఇదే. వాటిలో పలకలు ఒకటి ఒక దిక్కుకు, మరొకటి దానికి ఎదురు దిక్కుకు నెట్టుతూ ఉంటాయి కనుక ఒక్కో అంచును విడిగా చదివి విడిగా కోయాలి. తిరగేసి పెట్టినా పనిచేసే రకమైతే రెండు అంచులూ అచ్చంగా ఒకేలా ఉండాలి.

కూర్చి చూడడం

తొడుగులో పెట్టే ముందు తాళాన్ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, చిటికెడు గ్రాఫైట్ పొడి వేయండి. గ్రీజు, వంటనూనె, ఇంజిన్ ఆయిల్ వేయవద్దు. అవి మొదట్లో హాయిగా తిప్పుతాయి, తరువాత దుమ్ముతో కలిసి ముద్దగా మారి స్ప్రింగులను కదలనీయవు. గ్రాఫైట్ వేసిన తాళంలో నూనె అసలే వేయకూడదు.

బ్యారెల్‌ను తొడుగులో కూర్చి బల్ల మీదే ఇరవై ముప్ఫై సార్లు దూర్చి, తిప్పి, తీయండి. తరువాత తాళంచెవిని బయటికి తీసి గాట్లను భూతద్దంతో చూస్తే, ఎక్కడ పలక ఎక్కువగా ఒరుసుకుంటుందో అక్కడ ఇత్తడి మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపు గాటు అడుగున సమంగా ఉంటే మంచిదే. ఒక పక్క వాలు మీద మాత్రమే ఉంటే గాటు ఆ పక్కకు కొద్దిగా జరిగి ఉందని అర్థం, ఆ వాలును వెంట్రుకవాసి సడలించాలి.

బండికి బిగించాక మొదటి పరీక్ష ఇంజిన్ స్టార్ట్ చేయడం కాదు. తాళం అన్ని స్థానాల్లోకీ వెళుతుందా, స్టార్టర్ స్థానం నుంచి వదలగానే తనంతట తాను వెనక్కి వస్తుందా, లాక్ స్థానంలో తాళంచెవి బయటికి వస్తుందా, మధ్య స్థానాల్లో రాకుండా నిలుస్తుందా అన్నవి చూడాలి. నడుస్తున్న స్థానంలో తాళంచెవి జారి బయటికి వచ్చే స్థితి ఉంటే ఆ తాళంతో బండి నడపవద్దు. స్టీరింగ్ తాళం ఉన్న బండిలో చక్రం ఒక పక్కకు బిగిసి ఉన్నప్పుడు తాళంచెవి తిరగకపోవడం సహజం. స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ కదుపుతూ తిప్పండి, కొత్త ఇత్తడి తాళంచెవిని మాత్రం బలం పెట్టి తిప్పకండి.

పొరపాటున తాళంచెవి విరిగి ముక్క లోపల ఉండిపోతే జిగురు పూసిన పుల్లలతో లాగే ప్రయత్నం చేయవద్దు, జిగురు పలకలకు అంటుకుంటే తాళమే పోతుంది. బ్యారెల్‌ను తాళంచెవి బయటికి వచ్చే స్థానానికి తెచ్చి, కాస్త గ్రాఫైట్ వేసి, సన్నని రంపపు అలుగును పళ్ళు బయటి వైపుకు ఉండేలా ముక్క పక్కన దూర్చి, గాట్లకు తగిలించి మెల్లగా బయటికి లాగాలి. విరిగిన రెండు ముక్కలనూ దాచుకోండి. పక్కపక్కన పెట్టి కొలిస్తే అవి ఇంకా మంచి నమూనాయే.

పని పూర్తయ్యాక మీరు రాబట్టిన స్థాయిల వరుసను, గాట్ల దూరాలను, బ్లాంక్ మీద ఉన్న నంబరును ఒక కాగితం మీద రాసి బండి కాగితాలతో పాటు ఇంట్లో ఉంచండి. చేత్తో కోసిన ఇత్తడి తాళంచెవిని కూడా వాడకంలో పెట్టకుండా ఆ కాగితంతోనే ఉంచండి. తరువాత ఎన్ని నకళ్ళు కావాలన్నా దాని నుంచే తీయించండి, నకలు నుంచి నకలు తీయించవద్దు. ఇగ్నిషన్‌లో ఉన్నప్పుడు తాళంచెవికి ఇంటి తాళాల గుత్తి వేలాడదీయవద్దు. ఆ బరువు బండి కుదుపుకు ఊగుతూ బ్యారెల్‌నూ పలకలనూ అరగదీస్తుంది, అలా అరిగిన తాళానికి ఎంత కొలతగా చేసిన తాళంచెవి అయినా వదులుగానే కూర్చుంటుంది.